రోస్విత తండ్రి

నా తమ్ముడి అసలు పేరు గోట్‌హిల్ఫ్ క్రుంబీగెల్. ఆ పేరుతో పుస్తకం వేస్తే ఎవడు కొంటాడని కుర్రతనంలోనే ముఖం చిట్లించేవాడు. అందుకని హార్ట్‌విన్ ఎకెన్‌ఫెల్స్ అని పెట్టుకున్నాడు. నాగలి, నేల, నెత్తురు, దుక్కల్లాంటి మగపిల్లలు, వాళ్లను కన్న బలమైన తల్లులు, వాడి పుస్తకాల నిండా ఇవే. తీరా చూస్తే వాడికి బంగాళదుంప తవ్వడం కూడా చేతకాదు. మా నాన్న చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. పొలం అన్నది మా ఇంటావంటా లేదు. అయినా పంతొమ్మిది వందల ముప్ఫై మూడులో కొత్త ప్రభుత్వం వచ్చాక వాడి దశ తిరిగింది. బళ్లలో పిల్లలు వాడి పేరాలు బట్టీ పట్టేవారు. వాడు వీధిలో నడుస్తుంటే పెద్దపెద్దవాళ్లు టోపీలు తీసేవారు.

వాడికి రోస్విత అని ఒక కూతురు. మొదటి భార్య దాన్ని కని ఆ పురిట్లోనే పోయింది. పిల్లకు మూర్ఛ. మాటలు కూడా నాలుగైదుకు మించి రాలేదు. నేనే పెంచాను. ఇంటికి ఎవరు వచ్చినా చొక్కా చెయ్యి పట్టుకుని వాసన చూసేది. పోస్టుమాన్ దగ్గర పొగాకు, రొట్టెల దుకాణం లోబెక్ గారి భార్య దగ్గర పులిసిన పిండి. వాసన నచ్చితే పకపకా నవ్వేది. నా తల్లి, దానికి దొంగ నవ్వు తెలియదు.

తమ్ముడు రెండోసారి, దేశాన్ని ఏలుతున్న పార్టీ పెద్దల ఇంటి పిల్లను చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు పుట్టారు. రోస్వితను పక్క లోయలో ఉన్న ఆసుపత్రిలో పడేశాడు. అక్కడ దాని పేరు క్రుంబీగెల్ అనే రాయించాడు. ఎకెన్‌ఫెల్స్ అన్న పేరు ఆ గుమ్మంలో ఎత్తనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. “ఆరోగ్యమైన నెత్తురు గురించి రాసేవాడి ఇంట్లో ఇదేమిటని అనరా అక్కా?” అన్నాడు. ప్రతి పుస్తకం వెనకా వాడి ఫోటో ఉంటుంది, ఎవరైనా గుర్తుపడతారని ఒక్కసారి కూడా చూడటానికి వెళ్లలేదు. ఆదివారం ఆదివారం గసగసాల కేకు కట్టుకుని నేనే వెళ్లేదాన్ని.

నలభై ఒకటిలో, చలి ఇంకా తగ్గకముందు, రోస్విత పక్క మంచం ఖాళీగా కనిపించింది. ఆ పిల్లను వేరే చోటికి మార్చారని నర్సు నేలచూపులు చూస్తూ చెప్పింది. నయంకాని రోగులను ఎక్కించుకుపోయే, కిటికీలకు రంగు పూసిన ప్రభుత్వ బస్సుల గురించి అప్పటికే ఊరంతా గుసగుసలు. వాటిలో ఎక్కినవాళ్లు బూడిదై పోస్టులో తిరిగొస్తున్నారని అందరికీ తెలుసు. తెలియదని తరువాత అన్నవాళ్లను ఒక్కసారి నా ముందుకు రమ్మనండి!

నేరుగా తమ్ముడి దగ్గరకు పోయాను.

“దాన్ని ఇంటికి తెచ్చేయరా. తండ్రి వచ్చి అడిగితే పంపిస్తారట, నర్సే చెప్పింది. నా గదిలోనే ఉంచుకుంటాను. నీ పెళ్లాం కంట పడనివ్వను.”

“ఎందుకక్కా అంత కంగారు? మనది చట్టం ఉన్న దేశం.”

“చట్టమా, నీ మొహమా! ఆ పక్క మంచం పిల్లకు లేదా చట్టం?”

“ఈ వసంతంలో నాకు బహుమతి వచ్చేలా ఉంది. అది కానీ. తరవాత నేనే వెళ్తాను.”

“నీ బహుమతి అయ్యేదాకా బస్సు ఆగుతుందట్రా?”

వాడు ఏడ్చాడు. వాడికి కన్నీళ్లు చిన్నప్పటి నుంచీ కంటి కొసనే ఉంటాయి. ఏడ్చి, ముఖం తుడుచుకుని, మళ్లీ రాసుకోవడానికి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆసుపత్రి పెద్ద డాక్టరు ట్రౌట్‌మన్ గదిలోకి వెళ్లాను. మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. పిల్లను పంపించమని కాళ్లావేళ్లా పడ్డాను. మేనత్త అడిగితే కుదరదన్నాడు.

“మాకు మాత్రం బాధ ఉండదా అమ్మా? మనసు బాగా లేనప్పుడు ఇది తీసి చదువుకుంటాను,” అని బల్ల మీది పుస్తకం చూపించాడు. వెనక అట్ట మీద నా తమ్ముడు నవ్వుతున్నాడు. “ఇందులో రైతు, పురుగు పట్టిన కొమ్మను చెట్టు బాగు కోసం తన చేత్తోనే నరుకుతాడు. ఎంత ధైర్యంగా రాశాడో చూడండి.”

“ఆ ధైర్యవంతుడి కూతురే మీ వార్డులో ఉంది డాక్టరుగారూ. వాడు నా తమ్ముడు.”

ఆయన నవ్వబోయాడు. కానీ ఆ ఫోటోలో ఉన్న ముక్కే నా ముఖం మీద కూడా ఉంది. ఫోటో వంక, నా వంక మార్చి మార్చి చూసి, నర్సును పిలిచి పిల్లకు కోటు వేసి తీసుకురమ్మన్నాడు.

“ఎకెన్‌ఫెల్స్ గారి బిడ్డ అయితే ఇప్పుడే మీ వెంట పంపిస్తాను. ఆయన నోట ఒక్క మాట వింటే చాలు.”

రోస్విత వచ్చింది. కోటు మెడదాకా బిగించి ఉంది. రాగానే డాక్టరు చొక్కా చెయ్యి వాసన చూసి మొహం పెట్టింది. ఆయన లేచి నిలబడి ఫోను చేశాడు. అభిమాన రచయితతో మాట్లాడబోతున్నానని గొంతు కూడా సవరించుకున్నాడు.

“క్షమించాలి ఎకెన్‌ఫెల్స్ గారూ. ఇక్కడ రోస్విత క్రుంబీగెల్ అని ఒక పిల్ల ఉంది. మీ అమ్మాయి అంటున్నారు.”

అవతల గ్లాసుల చప్పుడు, మగవాళ్ల నవ్వులు నా దాకా వినిపించాయి. బహుమతి ఇచ్చే పెద్దలు ఆవేళ వాడింట్లో భోజనానికి కూర్చున్నారని నాకేం తెలుసు? తరువాత వాడి గొంతు వచ్చింది. సభల్లో చదివే గొంతు, ఖంగుమంటూ.

“నాకు ఇద్దరు కొడుకులే డాక్టర్. కూతుళ్లు లేరు. ఎవరో మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు.”

నేను ఫోను లాక్కున్నాను. “ఒరేయ్, పిల్ల కోటు వేసుకుని నిలబడిందిరా!” అని అరిచాను. అప్పటికే పెట్టేశాడు.

డాక్టరు ముఖం కందగడ్డ అయింది. పెద్దవాళ్ల పేరు వాడుకోవడానికి సిగ్గు లేదా అన్నాడు. నర్సు కోటు గుండీలు విప్పుతుంటే రోస్విత నా చెయ్యి పట్టుకుని వాసన చూసి నవ్వింది.

“ఇంటికి, అత్తా?” అంది.

“అంతమంది ముందు ఏం చెప్పమంటావక్కా? సోమవారం వెళ్లి తీసుకొస్తాను,” అన్నాడు తమ్ముడు, ఆ రాత్రి నేను నిలదీస్తే. సోమవారానికి ముందే బస్సు వచ్చింది. కొన్నాళ్లకు రేకు డబ్బాలో బూడిద, నిమోనియాతో పోయిందని ఒక ఉత్తరం వచ్చాయి. తల్లి పక్కనే పాతిపెట్టించాను. తండ్రికి ఆ రోజు జలుబు చేసింది.

వాడికి బహుమతి వచ్చింది. ఆ క్రిస్మస్‌కు కొత్త పుస్తకం కూడా వచ్చింది. జ్వరంతో చనిపోయిన చిన్నారి కూతురి కథ. పుస్తకంలో పిల్లకు మూర్ఛ లేదు. గలగలా మాట్లాడుతుంది, పొలంలో పరుగులు తీస్తుంది, తన జడ తనే వేసుకుంటుంది. చివరిదాకా మంచం పక్కన తండ్రి కూర్చుని ఉంటాడు. టౌనుహాల్లో వాడు అది చదువుతుంటే, తూర్పున యుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. నేను వెనక వరుసలో కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు.

చదవడం అయ్యాక సంతకాల కోసం వరుస కట్టారు. ముందు లోబెక్ గారి భార్య ఉంది. మా ఇంట్లో పెరిగిన పిల్లను ఆవిడ ఎన్నిసార్లు చూసిందో. అయినా పుస్తకంలోని పిల్లను పోల్చుకోలేకపోయింది పాపం.

“అయ్యా, ఈ పాప మీ పాపేనా? నిజంగా ఉండేదా?” అని అడిగింది.

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. హాలంతా చెవులు రిక్కించింది.

“అవునమ్మా,” అన్నాడు. “నా కూతురే.”

నేను లేచి నిలబడ్డాను.

“ఇప్పుడా గోట్‌హిల్ఫ్?” అన్నాను. “ఇప్పుడా?”

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. వాడొక్కడే చూడలేదు. తల వంచుకుని తరువాతి పుస్తకం అందుకున్నాడు.