హెర్మన్ చేతులు ఊరుకున్న పూట

హెర్మన్‌కు అరవై ఏడేళ్లు. రంపపు మిల్లులో పని మానేసిన దగ్గర్నుంచి, మూడేళ్లుగా, బల్క్‌లీ నదిలో స్టీల్‌హెడ్ కోసం పడరాని పాట్లు పడుతున్నాడు. సముద్రంలో బలిసి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. ఆకులు పండినప్పటి నుంచి మంచు పడేదాకా తెల్లారితే అతను నీళ్లలోనే. ఒక్కటంటే ఒక్కటి చేతికి రాలేదు. "ఈ ఏడూ రాకపోతే నా గాలపు కర్ర ట్రుడీకి ఇచ్చేసి ఏటి మొహం చూడను" అని ఇంట్లో విందు రోజున అందరి ముందూ నోరు జారాడు. ట్రుడీ అతని భార్య చెల్లెలు. ఆ ఏట్లో ఆమెను మించిన చేయి లేదు.

ఆ ఏడు గాలం వేయడానికి ఇక ఈ ఒక్క రోజే మిగిలింది. పై కొండల్లో వాన పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా బురద నీరు దిగుతుంది. అది తేరుకునేలోగా అంచులు గడ్డకడతాయి.

"కర్ర తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టేశా బావా," అంది ట్రుడీ, చంకల దాకా వచ్చే రబ్బరు లాగు ఎక్కించుకుంటూ.

"ముందు నోరు కట్టేసుకుని దిగు."

"నువ్వే దిగు. ముందొచ్చింది నువ్వు."

అక్కడి పద్ధతి అది. ముందు వచ్చినవాడు ముందు దిగాలి. గాలం ఒకసారి విసరాలి, కిందికి ఒక అడుగు వేయాలి. ఒకేచోట పాతుకుపోకూడదు. చేప తగిలితే, నిలిచినా పోయినా, పై కొసకు వెళ్లి అందరి వెనక చేరాలి.

పదోసారి విసిరేసరికి దారం గుంజింది. హెర్మన్ కర్ర ఎత్తి లాగాడు. దారం వదులైపోయింది.

"లాగావా?" అని అరిచింది ట్రుడీ.

"నేను లాగలేదు. చెయ్యి లాగింది."

"ఆ చెయ్యి ఇంట్లో పెట్టి రాకపోయావా!"

చిన్నప్పటి నుంచి ట్రౌట్ చేపలు పట్టిన చేయి మరి. ట్రౌట్ ఈకలు కట్టిన గాలాన్ని పురుగనుకుని నోట పెట్టుకుని ఉమ్మేస్తుంది, తటాలున లాగాలి. స్టీల్‌హెడ్ కరుచుకుని తన దారిన వెనక్కి తిరుగుతుంది. ఆ తిరగడంలోనే గాలం దవడ మూలన దిగుతుంది. మనిషి చేయాల్సిందేమీ లేదు. ఆ ఏమీ చేయకపోవడమే హెర్మన్‌కు చేతకాలేదు.

వెళ్లి ట్రుడీ వెనక చేరాడు. విసిరాడు, అడుగు వేశాడు. పదకొండు దాటింది. కడుపు నకనకలాడుతోంది. గట్టెక్కితే పొద్దు వృథా. గాలం విసిరి, కర్ర చంకలో ఇరికించుకుని, జేబులోంచి జున్ను పెట్టిన రొట్టె తీశాడు. కాగితం విప్పడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. ఒక ముక్క కొరికాడో లేదో, చంకలో కర్ర వంగింది. దారం చుట్టిన రీలు కెవ్వుమంది.

రొట్టె నోట్లో, కాగితం చేతిలో. లాగుదామన్నా తీరిక లేదు. అవతల చేప గాలిలోకి లేచింది. వెండి పలక.

"మ్మ్! మ్మ్మ్!" అని అరిచాడు.

"ఏమిటి బావా, పొలమారిందా?" అని ట్రుడీ వెనక్కి తిరిగి, చూసి, తన దారం గబగబా చుట్టేసి గట్టెక్కింది.

చేప కిందికి పరిగెత్తింది. వెనకాలే హెర్మన్ రాళ్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. రొట్టె ఎప్పుడు మింగాడో అతనికే తెలియదు. అరగంటకు చేప మోకాలి లోతు నీళ్లలో పక్కకు ఒరిగింది. మూర మీద జానెడు పైనే. బుగ్గల మీద గులాబి జీర. ఆ ఏట్లో స్టీల్‌హెడ్‌ను పట్టినా తిరిగి వదిలేయాల్సిందే. నీళ్లలోంచి ఎత్తకుండానే గాలం ఊడదీసి, తోక పట్టుకుని ప్రవాహానికి ఎదురు నిలిపాడు. దవడలు ఆడాయి. ఒక్క విదిలింపు, అతని మొహం నిండా నీళ్లు. వెళ్లిపోయింది.

హెర్మన్ నీళ్లలోనే కూలబడి నవ్వాడు. లాగులోకి నీళ్లు దిగుతున్నా నవ్వాడు.

"చెయ్యి ఎట్టా ఆపుకున్నావు బావా?"

"ఆపుకోలేదు. తింటున్నాను."

ట్రుడీ పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కకు ముందు ఈ సంగతే చెప్తా!"

"చెప్పుకో. ఇప్పుడు నీ వంతు, దిగు. నేను వెనకొస్తా."

రెండింటికి ఏరు టీ రంగు తిరిగింది. మూడింటికి పాదాలు కనబడలేదు. ఆ నీళ్లలో ఏ చేపకూ గాలం కనబడదని ఇద్దరికీ తెలుసు.

"పోదామా బావా?"

"ఇంకొక్కసారి విసిరి."

"సరే, నేనూ ఒక్కటి."

విసిరారు. ఒక అడుగు కిందికి వేశారు. మళ్లీ విసిరారు.