చాకవేలు మాటల పాఠం

కర్ణాటకలోని చింతామణిలో, బస్టాండు వెనకవీధిలో పురుషోత్తం నడిపే కంప్యూటర్ సెంటర్లో 2006లో అర్పిత టీచరుగా చేరింది. అంగళ్లవాళ్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్పడానికి కదిలే బొమ్మల పాఠాలు తయారుచేసింది. బ్రౌజర్ తెరిస్తే చాలు, తెరమీద బాణం తనంతట తానే కదిలేది. నొక్కాల్సిన బటన్ చుట్టూ ఎర్రగీత వెలిగేది. ఏం చేయాలో అర్పిత గొంతు తెలుగులో చెప్పేది. ఆమెది చాకవేలు అనే పల్లె. మాటా అక్కడిదే.

పురుషోత్తంకు ఆ మాట గిట్టలేదు. పాఠాలు చూడడానికి బెంగళూరు కంపెనీవాళ్లు వస్తున్నారనీ, పల్లెయాస వింటే నవ్వుతారనీ, ఇంగ్లీషులో మళ్లీ చెప్పమనీ అన్నాడు. నేర్చుకునేది అంగడివాళ్లే గానీ కంపెనీవాళ్లు కాదంది అర్పిత. ఆనాటినుంచి ఇద్దరూ ముఖాలు చూసుకోవడం మానేశారు.

కంపెనీవాళ్లు వచ్చారు. పాఠం నడిచింది. బాణం అదే, ఎర్రగీత అదే. గొంతు మాత్రం పురుషోత్తం మరదలిది, ఇంగ్లీషులో. చివర తయారుచేసినవారిగా పురుషోత్తం పేరే పడింది. వాళ్లు మెచ్చుకుంటుంటే అతను రాత్రింబవళ్లు కష్టపడ్డానని చెప్పుకున్నాడు.

గోడవారన నిలబడ్డ అర్పితకు ఒళ్లు మండిపోయింది. అందరిముందే అడిగేసింది.

“నా మాట పనికి రాలేదు. నా పని మాత్రం ఎట్ల పనికొచ్చె సార్?”

“కంప్యూటర్ నాది, కరెంటు నాది. దాంట్లో ఉండేదంతా నాదే. కూలికొచ్చినావు, చేసినావు, అంతే,” అన్నాడు పురుషోత్తం.

కంపెనీవాళ్లు తలలు వంచుకుని కాఫీ తాగారు. పాఠాలు మాత్రం తీసుకున్నారు.

అర్పిత ఆ పూటే మానేసింది. మూలఫైళ్లన్నీ అతని కంప్యూటర్లోనే చిక్కుకున్నాయి. స్నేహితురాలు సహన నడిపే బ్రౌజింగ్ సెంటర్లో ఒక మూల కూర్చుని అన్నీ మొదటినుంచి చేసింది, తన మాటల్లోనే. టమోటా మండీలో లెక్కలు చూసే బయ్యప్ప రోజూ వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకోసాగాడు.

సంగతి తెలిసి పురుషోత్తం మెట్లెక్కి వచ్చాడు. దొంగపని చేస్తోందనీ, పోలీసులకు చెబుతాననీ బెదిరించాడు.

“చెప్పుకోప్పా. నేనూ వస్తా. ఎవురు చేసినారో ఆడే తేలుతుంది.”

అతను పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. అంగడి అంగడికీ తిరిగి ఆమె దొంగని చెప్పాడు. నమ్మినవాళ్లు రావడం మానేశారు. బయ్యప్ప మానలేదు, ఇంకో ఇద్దరు మండీవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

ఆ రోజుల్లో ఒక పూట రికార్డు చేసిన పాఠం వింటే, తన గొంతు తిడుతున్నట్టు అర్పితకే వినిపించింది. చెరిపేసి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టింది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలనీ ఆమెకు అనిపించలేదు.