చిన్నరసం మానుకు గాట్లు

సైకిల్ బ్రేకు తీగ కొస వంచి, మామిడి మానుకున్న రంధ్రంలో దూర్చి, మెత్తగా తగిలేదాకా తిప్పుతున్నాడు శౌరయ్య. మైలవరం తోటలో పాతికేళ్లుగా ఇదే పని. బొటనవేలంత తెల్లపురుగు మెలికలు తిరుగుతూ వచ్చింది. దాన్ని నలిపేసి, పెట్రోలు దూది కుక్కి, మట్టి పూశాడు. అయినా నమ్మకం కుదరక మానుకు చెవి ఆనించాడు. లోపల ఇంకా పురుగులు కొరుకుతూనే ఉన్నాయి.

అతను స్వయంగా అంటుకట్టిన చిన్నరసం ఇది. రెండేళ్లుగా కాపు లేదు. మాను డొల్లయితే ఇవాళే కొట్టించేస్తానన్నాడు యజమాని లక్ష్మీకాంత్.

ఈ పురుగుకి తల్లి, తొలకరికి బయటపడే బూడిదరంగు పెంకుపురుగు; దానికి మెడ మీద రెండు నారింజ చుక్కలు, ఒంటికన్నా పొడుగు మీసాలు. దెబ్బతిన్న బెరడు వెతికి మరీ గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఏడాదిపాటు మానును తిని, అందులోనే నిద్రపోయి, రెక్కలతో బయటికొస్తుంది. మరి ఈ బెరడుకు దెబ్బ కొట్టిందెవడు? మోకాలెత్తున వరసగా కత్తిగాట్లు! ఇంకెవడు, కలప కొనే తిరుపతిరావే. నిరుడు రెండుసార్లు రోడ్డు మీద బండి ఆపి మరీ ఈ మాను వంక చూశాడు. శౌరయ్యకు ఒళ్లు మండిపోయింది.

లక్ష్మీకాంత్ ఆ తిరుపతిరావునే వెంటబెట్టుకొచ్చాడు.

“బాబుగారూ, ఈయనే గాట్లు పెట్టి పురుగు పట్టించాడండీ! చెట్టు చస్తే చవగ్గా పట్టుకుపోదామని!”

“నోరు అదుపులో పెట్టుకో శౌరయ్యా! నేనీ గేటు దాటడం ఇవాళే మొదలు,” అన్నాడు తిరుపతిరావు.

అన్నం క్యారేజీతో వచ్చిన శౌరయ్య భార్య తెరేసమ్మ అక్కడే నిలబడిపోయింది.

“ఆయన్నేం అనబాకయ్యా. నేనే పెట్టా. కత్తితో బెదిరిస్తే చెట్టు కాస్తదని మా అమ్మ చేసేది. కాయకపోతే నరికిస్తానంటిరిగా బాబుగారు... నిరుడు వానల్లో పెట్టా.”

శౌరయ్య దారిన పోయేవాణ్ని అనుమానించాడే గానీ, ఇంట్లో మనిషి సంగతి తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

“తప్పయిపోయిందండీ,” అన్నాడు తిరుపతిరావుతో. తర్వాత యజమాని వైపు తిరిగి, “ఒక్క ఏడాది ఆగండి బాబూ, పురుగంతా లాగేస్తా,” అన్నాడు.

లక్ష్మీకాంత్ కర్రతో మాను తట్టాడు. బోలు చప్పుడొచ్చింది.

“పక్క చెట్లకూ పాకుద్ది శౌరయ్యా. వద్దు.”

మధ్యాహ్నానికి చెట్టు పడిపోయింది. తెరేసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. శౌరయ్య క్యారేజీ విప్పి, ముందు గిన్నె ఆమెకే ఇచ్చాడు.

తిరుపతిరావు పై దుంగలు ట్రాక్టరుకెక్కించుకుని వెళ్లిపోయాడు. పొయ్యిలోకి కూడా పనికిరాదని అతను వదిలేసిన, గాట్లున్న మొదలు దుంగ ఒకటి గడ్డిలో పక్కకి ఒరిగి ఉంది. దాని నడుమ మోచేయి దూరేంత బోలు.