ఎడమ జబ్బకు వాల్వు

సైకిలు ట్యూబుకు వాల్వు ఎక్కడ పెట్టాలో ఎవడూ నన్ను అడగడు. అది ముందే దాని చోట ఉంటుంది. మనిషి ఒంటికి పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం నన్నే అడిగారు. అడిగినందుకు నేను పొంగిపోయాను కూడా.

అరవై ఎనిమిదిలో జగన్నాధం అనే కంట్రాక్టరు కళింగపట్నం వచ్చాడు. ఎదర సముద్రంలో మునిగిన పాత సరుకు ఓడలోంచి ఇత్తడి తీయాలి. విశాఖపట్నంలో పాతసామాను కొట్టులో కొన్న రబ్బరు సూటు ఒకటి తెచ్చాడు. అందులోకి చుక్క నీరు రాదు. పడవ మీద పంపు కొడితే గొట్టంలోంచి గాలి మొహానికీ, సూటులోకీ వస్తుంది. ఎక్కువైన గాలి వాల్వు గుండా బయటికి పోవాలి. పోకపోతే మనిషి పూరీలా పొంగి పైకి తేలిపోతాడు. లోతులోంచి అలా ఒక్కసారిగా తేలితే ప్రాణమో, కాళ్లూచేతులో పోతాయని జగన్నాధమే చెప్పాడు. పాత వాల్వు దగ్గర రబ్బరు చీకిపోయింది కాబట్టి అక్కడ అతుకు వేసి, వాల్వుకు కొత్త చోటు చూడమన్నాడు. చెట్టులేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. ఊళ్లో పంక్చర్లు వేసే ఈ కృపానిధే ఇంజినీరు.

దిగేవాడు అప్పలసూరి. తెప్ప మీద వేటకెళ్లే మనిషి. నా కొట్టు ముందు అతనికి సూటు తొడిగి నిలబెట్టాం.

"రొమ్ము మీద పెట్టు," అన్నాడు జగన్నాధం.

వద్దన్నాను. వంగి పనిచేసేవాడికి రొమ్ము కిందికి పోతుంది, గాలి వీపుకు చేరుతుంది. వీపు మీద పెడితే చెయ్యి అందదు. కుడి చెయ్యి సుత్తి కొడుతూ ఉంటుంది. మిగిలింది ఎడమ జబ్బ. గాలి ఎక్కువైందనిపిస్తే ఆ చెయ్యి పైకెత్తాలి. అప్పుడు వాల్వు అన్నిటికన్నా పైనుంటుంది, గాలి దానంతటదే పోతుంది.

"ఎడంసెయ్యికి పనేటుంది మావా, ఎత్తమన్నప్పుడు ఎత్తుతాను," అన్నాడు అప్పలసూరి.

కొలతకని ఆ చెయ్యి పట్టుకున్నాను. అరచేతికి అడ్డంగా గట్టి కాయ కాసి ఉంది.

"ఇదేటిరా?"

"తాడు మావా. కుడిసెయ్యి పని సేత్తాది, ఎడంసెయ్యి తాడట్టుకుంటాది. తాడొగ్గీసినోడు ఇంటికి రాడని మా అయ్య మొట్టికాయలేసి నేర్పినాడు."

నవ్వాను. నవ్వి, ఆ జబ్బ మీదే సుద్దముక్కతో గుర్తు పెట్టాను.

వంశధార సముద్రంలో కలిసే మొగలో పీకల్లోతు నీళ్లలో పరీక్ష చేశాం. చెయ్యెత్తగానే బుడబుడమని బుడగలు. అతని పెళ్లాం గున్నమ్మ గట్టు మీద నిలబడి, "గాలి పోతన్నాది కదా మావా?" అని రెండుసార్లు అడిగింది. "పోతన్నాదమ్మా," అన్నాను. అతని చేతికి తాడు ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ కాస్త నీటికి తాడెందుకు?

మూడో రోజు సముద్రంలో దించాం. పడవలో నేనూ ఉన్నాను. గంట గడిచాక ముందు కాళ్లు తేలాయి, తరవాత ఉబ్బిపోయిన ఒళ్లు. కత్తితో సూటు కోసి బయటికి లాగాం. ఊపిరుంది, తెలివుంది. నడుము కింద స్పర్శ లేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రెండు నెలలుంచి, ఇక కాళ్లు రావని చెప్పి పంపేశారు.

ఇల్లు చేరాక ఏం జరిగిందో అప్పలసూరే చెప్పాడు. అడుగున నీటి లాగుడు ఎక్కువగా ఉంటే ఓడకు తాడు కట్టి, ఎడం చేత్తో పట్టుకున్నాడు. గాలి నిండి ఒళ్లు పైకి లేస్తోంది. తాడు కింద, మనిషి పైన. పట్టుకున్న చెయ్యి కిందికి సాగిపోయింది, దాంతోపాటు వాల్వూ కిందికి పోయింది. మనిషి తలకిందులై గాలి కాళ్లలోకి ఎక్కింది. తాడు వదిలి చెయ్యెత్తితే చాలు. అది తెలిసి కూడా అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆఖరికి తాడే చేతిలోంచి జారిపోయింది.

కుడి జబ్బకు పెట్టి ఉంటే సుత్తి పారేసి చెయ్యెత్తేవాడు. సుత్తి వదలొద్దని వాళ్లయ్య మొట్టికాయలు వేయలేదు కదా. నాలుగు రోజులు ఆ మాట మింగి, అయిదో రోజు వెళ్లి చెప్పేశాను.

"నీ సేతిలో కాయ సూసినానురా సూరీ. సూసి కూడా ఆ సెయ్యికే ఎట్టినాను."

అతను ఎడమ అరచెయ్యి విప్పి చూసుకున్నాడు.

"నువ్వు బాగానే ఎట్టినావు మావా. నానే తాడొగ్గనేదు."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

గున్నమ్మ అంబలి తెచ్చింది. నా మొహం చూడలేదు. అతను లేచి కూర్చోడానికని మంచం మీదుగా దూలానికి పాత తెప్పతాడు ఒకటి కట్టింది. అప్పలసూరి ఎడం చేత్తో దాన్ని అందుకుని ఒళ్లంతా లాక్కుంటూ లేచాడు. చెయ్యి తల మీదుగా నిటారుగా నిలబడింది. ఆ రోజు అంత ఎత్తు లేచి ఉంటే సరిపోయేది.

కుడి చేత్తో అంబలి తాగి, మెల్లగా వెనక్కి వాలాడు. తాడు మాత్రం వదల్లేదు.