రాణిగారి మూతి

నేను బొమ్మలాట వాళ్లకు తలలు చేస్తాను. కాగితపు గుజ్జు, జిగురు, ఒక అద్దం, అంతే నా సరంజామా. బొమ్మకు ఏ ముఖం కావాలో ముందు నేను పెట్టి, అద్దంలో చూసుకుంటూ బొటనవేలితో గుజ్జులోకి దించుతాను. నేను ఏడవందే నా బొమ్మ ఏడవదు.

ఒక ఉదయం పుక్కిలిస్తుంటే నీళ్లు పెదవి పక్కనుంచి మెడ మీదికి కారాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమకు వంకర పోయింది, కుడికన్ను మూతపడడం లేదు. ముఖంలో నరం వాచిందన్నాడు డాక్టరు. నెలల్లో తగ్గొచ్చు, కొంత మిగలనూవచ్చట. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ వారమే బొమ్మలాట ఆడించే మేస్త్రి రాణి తల కావాలని కబురు పెట్టాడు. సింహాసనం లాక్కున్న తమ్ముణ్ణి నిలదీసే రాణి. కోపం ముఖం కావాలి.

ఈసారికి పాత అచ్చులోంచి తీసిచ్చేయమంది అక్క. ఆ అచ్చులో రాణులందరూ ఫొటో తీయించుకుంటున్నట్టుంటారు. నేను అద్దం ముందు కూర్చుని కోప్పడ్డాను. సగం ముఖమే కోప్పడింది. మిగతా సగం ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వేలాడింది. దాన్ని చూస్తే నిజంగానే ఒళ్లు మండింది. ఆ మంటనే గుజ్జులోకి దించాను. ఒక పక్క కూలిన చెంప, రెండో పక్క ఆ బరువు కూడా తానే మోస్తూ పళ్లు నూరే దవడ. పదిహేనేళ్లలో అంత మంచి తల నా చేతిలోంచి రాలేదు.

మర్నాడు ఫిజియోథెరపీకి వెళ్లొచ్చేసరికి రాణి మూతి తిన్నగా ఉంది. అక్క తడి వేలితో సరిచేసింది. జాలితోనే చేసిందని తెలుసు, అయినా క్షమించలేకపోయాను.

"నిన్ను చూసి నవ్వుతారే," అంది.

"నవ్వితే నవ్వనీ. నా పని మీద ఇంకోసారి వేలు పెట్టకు."

కుక్కతోకనైనా సరిచేయొచ్చు గానీ నీ పంతాన్ని సరిచేయలేమంటూ కళ్లు తుడుచుకుంది. నేను గుజ్జు తడిపి మూతి మళ్లీ వంచాను.

తల ఆరాక మేస్త్రి వచ్చాడు. బొమ్మ తలను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, ఆటకు ముందు నా సంగతి జనానికి చెబుతానన్నాడు. జబ్బు పుణ్యమా అని ఇంత గొప్ప బొమ్మ పుట్టిందంటే అందరూ కరిగిపోతారట. తల వెనక్కి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

"నా మూతి వంచింది జబ్బు. దీని మూతి వంచింది నేను. జబ్బుకు దండ వేస్తానంటే తల ఇవ్వను."

చెప్పనని మాటిచ్చి పట్టుకెళ్లాడు.

ఆటరోజు హాలు నిండింది. జనాన్ని చూడగానే నాకిచ్చిన మాట మరిచిపోయాడు మేస్త్రి. తెర ముందుకొచ్చి, రాణి బొమ్మ చేసిన చెల్లెమ్మ గురించి ఒక్క మాటంటూ గొంతు సవరించుకున్నాడు. అరవబోయాను. ఆ సగం మూతితో మాట ముద్దగా వచ్చింది. పక్కనున్న అక్క లేచి నిలబడింది.

"మాటలు తర్వాత, మేస్త్రిగారూ. రాణిగారు కోపంగా ఉన్నారు, తెర తీయండి."

జనం గొల్లున నవ్వారు. తెర లేచింది. రాణి తల తిప్పి చూసేసరికి హాల్లో నవ్వు ఆగిపోయింది. అక్క నా చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది, ఆట అయ్యేదాకా వదల్లేదు.