కప్ప గుండెలో నాలుగో గది

హాజరు వెయ్యాలి.
నిన్నటి పాఠం అడగాలి.
నలభై ఆరో పేజీలో తప్పు చెప్పాలి: కప్ప గుండెకు నాలుగు గదులు.
ఎవరైనా లేచి అడిగేదాకా ఆగాలి. అడిగినవాళ్ళ పేరు ఇక్కడ రాయాలి.

నేను ఒక జువాలజీ నోట్సు పుస్తకాన్ని. మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో జకరయ్య సారు నన్ను రాశారు. పైన మీరు చదివిన చీటీని ముందు బెంచీ వాళ్ళ కంట పడకుండా నా ఖాకీ అట్ట లోపల దాచిందీ ఆయనే. ఏటా ఆ తప్పు చెప్పి, కిటికీ వైపు చూస్తూ నిలబడేవారు. పెన్నులు పరుగెత్తేవి తప్ప ఒక్క చెయ్యీ లేచేది కాదు. మర్నాడు ల్యాబులో కప్పని కోసి, మూడు గదులూ కళ్ళారా చూసి, రికార్డులో నాలుగు గీసేవాళ్ళు! "ఒరే, మీ కళ్ళని మీరే నమ్మరేంట్రా?" అని తల పట్టుకుని, అందరిచేతా ఆ నాలుగో గదిని కొట్టేయించేవారు. రాసుకోవడం కాదు, అడగడమే చదువు అన్నది ఆయన పట్టుదల. చీటీలో ఒక్క పేరూ పడకుండానే రిటైరయ్యారు.

వెళ్తూ నన్ను కొత్తగా చేరిన ఓబులేసు సారు చేతిలో పెట్టి, "అట్ట మార్చుకోవయ్యా" అన్నారు. ఆ ఏడే కన్నుమూశారు.

ఓబులేసు సారు వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. పెద్దాయన వేసిన అట్ట తీసేస్తాడా? దసరాకి నాకు బొట్టు కూడా పెట్టేవాడు. పుస్తకాల్లో మూడని చదివినవాడే, 'సారు రాశారంటే ఏదో ఉంటుంది' అనుకుని తొమ్మిదేళ్ళు నాలుగనే చెప్పాడు. రికార్డుల్లో నాలుగుకే టిక్కు పెట్టాడు. నేను బిత్తరపోయి వింటూ ఉండిపోయాను. నాకు నోరేదీ?

పదో ఏడు కాశింబీ అనే అమ్మాయి లేచింది.

"సార్, మూడే కదా సార్?"

"జకరయ్య సారు కంటే నీకెక్కువ తెలుసా?"

క్లాసంతా నవ్వింది.

"నాకేం తెలుసు సార్. పోయిన వారం ల్యాబులో మీరే కోశారు. మేం లెక్కపెట్టాం."

ఆయన నన్ను బల్లకేసి కొట్టాడు. అట్ట చిరిగి చీటీ జారిపడింది. చదివాడు. మళ్ళీ చదివాడు. తొమ్మిదేళ్ళు! ఎంతమంది పిల్లలు! వాళ్ళు అడగలేదా, తను అడగనివ్వలేదా? కుర్చీలో కూలబడ్డాడు.

"కూర్చోనా సార్?" అంది ఆ పిల్ల బెదురుగా.

"వద్దమ్మా. నీ పూర్తి పేరు చెప్పు."

చీటీ చివర రాశాడు: షేక్ కాశింబీ, రెండో సంవత్సరం.

ఇప్పుడు నేను ల్యాబు బీరువాలో, ఫార్మలిన్ సీసాల వెనక పడున్నాను. చెదలు నలభయ్యో పేజీ దాకా వచ్చాయి. నన్ను మర్చిపోయినా పర్లేదు. భయపడుతూనే లేచిన కాశింబీని మాత్రం గుర్తుపెట్టుకోండి.