డిస్కులో ఉన్న గొంతు

…అయినా ఇతను ఇంత గట్టిగా అరవాల్సిన పని లేదు, నా చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, పోయింది గొంతు ఒక్కటే, కానీ మెడకి గుడ్డ కట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డవాణ్ణి చూస్తే జనానికి ముందు చెవుడే తోస్తుందేమో, కూర్చోండి పెద్దాయనా అని రిపేరతను బల్ల అవతలినుంచి కేక పెట్టాడు, వెంటనే మా ఆవిడ వైపు తిరిగి మామూలుగా, ఆయన వైపు ఫ్యాను తిప్పమంటారా అమ్మా అన్నాడు, నేనేదో ఆవిడ చేత పట్టుకొచ్చిన సంచీ అయినట్టు, తిప్పు బాబూ అంది ఆవిడ, మెడ దగ్గర ఈ రంధ్రం పడ్డాక నాకు ఫ్యాను గాలి పడదని ఆవిడకి తెలుసు, అయినా అనేసింది, ధ్యాసంతా అతని చేతిలో డిస్కు మీదే ఉంది, అరచేతిలో పట్టేంత నల్లటి డిస్కు, తీగ దూర్చే మూతి ఊడి లోపలికి వంగిపోయింది, నా గొంతు మొత్తం అందులో ఉంది, ఇంకెక్కడా లేదు.

గొంతు తీసేసే ఆపరేషన్‌కి ముందు రికార్డు చేయించారు, ఇక మాట రాదు, ఇప్పుడే దాచుకుంటే తర్వాత మీరు ఫోన్లో టైపు చేసింది మీ గొంతుతోనే పలికేలా చేయించుకోవచ్చు అని ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి చెప్పి చదవాల్సిన వాక్యాలు ఇచ్చింది, నాకు దాహంగా ఉంది, దయచేసి తలుపు వేయండి, ఈ రోజు కొంచెం నయంగా ఉంది, చూడగానే నవ్వొచ్చింది, కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడి బతికినవాణ్ణి, దయచేసి అన్న మాట నా నోట ఎప్పుడొచ్చింది గనక, నేను పాట ఎత్తుకుంటే మార్కెట్టు ఆ చివర లారీలు దించేవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు, అందుకని దాహంగా ఉంది అని చదివి ఊరుకోకుండా ఏమోయ్, మనింట్లో మంచినీళ్ళు కూడా వేలంలో పాడుకోవాలా అని కలిపాను, మా ఆవిడ పక్కనుంచి అబ్బ, ఇచ్చింది ఇచ్చినట్టు చదవండి అంది, అదీ రికార్డయింది, తర్వాత ఇద్దరం నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ నాకు దగ్గొచ్చింది, అన్నీ రికార్డయ్యాయి.

తీరా ఇంటికొచ్చాక నాకు ఆ డిస్కు మొహం చూడబుద్ధి కాలేదు, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు, నా ముందు తియ్యకు అని రాసి చూపించాను, ఆవిడ చదివి తలూపింది, అక్కడితో అయిపోయిందనుకున్నాను, నాకేం, సైగలున్నాయి, పలక ఉంది, చప్పట్లున్నాయి, అన్నం కావాలంటే ఒక చప్పట, టీవీ తగ్గించమంటే రెండు, ఎంత బాధొచ్చినా గోడ వైపు తిరిగి పడుకుంటే సరి, గొంతు పోయినవాణ్ణి నేను, ఆ మాత్రం హక్కు నాకుందనుకున్నాను, మొన్న మనవరాలు వచ్చి తాతా నువ్వు ఎలా మాట్లాడేవాడివి అంది, గుర్తు లేదుట, అది విన్నాక, సరే, ఆ ఫోను గొంతే చేయించుకుందాం అని బీరువా తీస్తే డిస్కుకి మూతి లేదు, దుమ్ము దులుపుతుంటే జారిపడిందండీ అంది మా ఆవిడ నేల చూస్తూ, పోనీ నేరుగా ఇక్కడికి తెచ్చామా అంటే లేదు, మా బావమరిది దిగాడు, కుక్కర్ నుంచి కంప్యూటర్ దాకా వాడికి రానిది లేదు, దీనికి షాపు దాకా ఎందుకు బావా అని మూతిని చేత్తో నొక్కి, చుట్టూ జిగురు పోసి, ఆరిందో లేదో కంప్యూటర్‌కి తగిలించాడు, కమురు వాసన వచ్చింది, ఇది పాత వాసనేలే బావా అన్నాడు.

ఎవరమ్మా ఈ మహానుభావుడు అంటున్నాడు రిపేరతను, పెద్ద భూతద్దం కింద డిస్కు పెట్టి సూదితో జిగురు గీకుతూ, మా తమ్ముడే బాబూ అంది ఆవిడ చిన్నబోయి, పెచ్చు లేచినప్పుడల్లా దానితో పాటు వెంట్రుకంత రాగి గీత కూడా లేచొస్తోంది, నాకు మెడ దగ్గర జివ్వుమంటోంది, మరోలా తియ్యడానికి కుదరదా అని అడగాలని నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు, అతను ఇటు చూడనైనా లేదు, ఒక్కసారి పడితే ఇలా అవదమ్మా అంటున్నాడు, ఈ మూతి పెదాలు చూడండి, ఎంత వదులైపోయాయో, రోజూ పెట్టి తీసి, పెట్టి తీసి అరిగింది ఇది, ఆఖర్న ఎవరో వంకరగా లాగేశారు, బాగా వాడతారేమో కదా అన్నాడు, లేదు బాబూ, బీరువాలోనే ఉంటుంది అంది మా ఆవిడ, అంటూ నా వైపు చూసి చటుక్కున చూపు తిప్పేసుకుంది.

రోజూ, రోజూ ఎవరు పెడతారు, ఇంట్లో ఉండేది ఇద్దరం, అందులో నేను భోజనం చేసి పడుకుంటే సాయంత్రం దాకా లేవను, ఆ ఒక్క రోజు తప్ప, ఆ రోజు దగ్గొచ్చి ముందే లేచి ముందుగదిలోకి వస్తే ఆవిడ కంప్యూటర్ ముందు నుంచి ఉలిక్కిపడి లేచింది, చెవుల్లోంచి ఏదో పీకి కొంగుచాటున పెట్టుకుంది, కింద ఏదో టక్కున పడింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏమిటని సైగ చేస్తే ఉల్లిపాయలండీ అంది, ముందుగదిలో ఉల్లిపాయలేమిటి అని కూడా నాకు తట్టలేదు, కాఫీ కోసం చప్పట కొట్టాను.

అదిగో అతను కుర్చీ వెనక్కి జరిపాడు, ముందే తల అడ్డంగా ఊపుతున్నాడు, సన్న తీగలు అతికించానమ్మా, డిస్కు తిరుగుతోంది, లోపల అన్నీ అలాగే ఉండుంటాయి, కానీ ఇందులో ఏది దాచినా బోర్డు మీదున్న చిప్పు తాళం వేసి దాస్తుంది, తెరవాల్సింది కూడా అదే, ఆ జిగురుతో తగిలించినప్పుడు అది కాలిపోయింది, ఇంకో బోర్డు వేసినా చదవదు, ఇంకెక్కడికి తీసికెళ్ళినా ఇదే చెప్తారు, నన్నేమీ అనుకోకండి అంటున్నాడు, నేను కుర్చీ చేతుల్ని పట్టుకున్నాను, అయిపోయింది, మనవరాలు ఇక ఎప్పటికీ వినదు, నాకు ఏడవడానికి కూడా శబ్దం లేదు, మా ఆవిడ మాత్రం వదల్లేదు, బల్ల మీదకి వంగి, అతనొక్కడికే వినపడాలన్నట్టు మెల్లగా, అన్నీ అక్కర్లేదు బాబూ, ఒక్కటి రాదా, ఏమోయ్ అని పిలుస్తారు చూడు, అదొక్కటి చాలు, ఏమైనా చేసి చూడు అంటోంది, ఆయన, ఆయన అంటోంది, మాట్లాడేవారు, నవ్వించేవారు అంటోంది, అన్నీ అయిపోయిన మాటలే, నేను ఇక్కడ పక్కనే కూర్చుని ఉండగా, రిపేరతను పాపం నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూస్తున్నాడు, ఆయనెవరో అతనికి అర్థం కావడం లేదు, నాకు అర్థమైంది, నన్ను ఆపరేషన్‌కి తీసికెళ్ళిన రోజే ఆవిడకి మొగుడు పోయాడు, పోయినవాడితో మధ్యాహ్నాలు కాసేపు గడిపి, సాయంత్రం లేచి నాకు కాఫీ పెట్టింది, ఇవాళ వాడు రెండోసారి పోయాడు, ఈ ఏడుపు ఆవిడ ఎవరితో చెప్పుకోవాలన్నా ఈ లోకంలో నేనొక్కణ్ణే ఉన్నాను, ఊరుకోవే అనడానికి నాకు నోరు లేదు.